గొలుసుకట్టులో ఒక మాట

తెలుగులో 'రాత' అంటే చేత్తో రాసేదీ, నుదుటన రాసి ఉందనుకునేదీ రెండూను. "వాడి రాత బాగోలేదు" అని ఎవరైనా అంటే, నోటుపుస్తకం గురించి అంటున్నారో జీవితం గురించి అంటున్నారో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. చేతిరాత బాగుంటే తలరాత బాగోదని పెద్దవాళ్ళకి ఒక నమ్మకం కూడా ఉంది. కోడిగీతలు గీసే పిల్లల్ని ఓదార్చడానికి పుట్టిన మాట అయ్యుంటుంది. కానీ ఈ రెండు రాతలకీ మధ్య నిజంగానే ఒక లంకె ఉంది. ఒకరి చేతిరాత ఇంకొకరి తలరాత అయిపోయిన రోజులు మన ఊళ్ళలో ఉండేవి. ఆ రోజులు పూర్తిగా పోయాయని కూడా అనలేం.

నేను చదువుకున్న ఇంగ్లీషు మీడియం బడిలో మూడో తరగతి నుంచి కలిపిరాత ఉండేది. నాలుగు గీతల కాపీ పుస్తకం, పైన అచ్చులో ఒక వాక్యం, కింద దాన్ని చూసి పదిసార్లు రాయడం. పదం పూర్తయ్యేదాకా పెన్సిల్ ఎత్తకూడదు. ఎత్తితే ఆ చోట ఎర్ర సున్నా పడేది. తర్వాతి పీరియడ్లో తెలుగు చూచిరాత. అక్కడ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏ అక్షరానికి ఆ అక్షరం విడిగా, గుండ్రంగా, తలకట్టు స్పష్టంగా ఉండాలి. ఇంగ్లీషుని కలపాలి, తెలుగుని విడదియ్యాలి అన్నది ఆ భాషల స్వభావం అనుకునేవాణ్ణి. తెలుగుకీ ఒక కలిపిరాత ఉండేదని, దాని పేరు గొలుసుకట్టని చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

గొలుసుకట్టు బడిలో నేర్పే రాత కాదు. కరణాలు, గుమాస్తాలు, దస్తావేజులు రాసేవాళ్ళు పనిలో పడి నేర్చుకున్న రాత. కలం ఎత్తకుండా అక్షరం తోకని పట్టుకుని ఇంకో అక్షరం, మాట తోకని పట్టుకుని ఇంకో మాట వస్తాయి. మాటల మధ్య ఖాళీ ఉండదు. తలకట్లు కరిగిపోతాయి. మొదటిసారి చూసినవాళ్ళకి అది తెలుగని కూడా అనిపించదు, నూలు ఉండ విప్పి కాగితం మీద పరిచినట్టుంటుంది.

ఇలాంటి రాతలు మనకొక్కరికే లేవు. మరాఠీకి మోడీ లిపి ఉండేది. ముందు కాగితం పొడుగునా ఒక గీత గీసి, దాని కింద చెయ్యి ఎత్తకుండా రాసుకుంటూ పోయేవాళ్ళు. తంజావూరు మరాఠా రాజుల లెక్కపత్రాలు ఆ లిపిలోనే ఉన్నాయి. పారశీకానికీ ఉర్దూకీ షికస్తా ఉంది, ఆ మాటకి 'విరిగినది' అని అర్థం. ఇంగ్లీషు 'కర్సివ్'కి లాటిన్‌లో మూలం పరుగెత్తడం. అమెరికాలో కొన్ని తరాల పిల్లలకి చేతిరాత నేర్పిన ఆస్టిన్ పామర్ 1894లో అచ్చువేసిన పుస్తకం పేరులోనే 'బిజినెస్ రైటింగ్' అని ఉంది. పరుగనండి, విరుపనండి, గొలుసనండి, ఇవన్నీ ఎక్కువగా లెక్కలు రాసేవాళ్ళ చేతుల్లో పెరిగిన రాతలు. రోజుకి ఇన్ని పేజీలు రాయాలి, సిరాలో ముంచిన పాళీ ఆరిపోయేలోపు వీలైనంత గియ్యాలి. కలిపిరాత అంటే ఇప్పుడు మనకి పెళ్ళిపత్రికలూ, ఇన్‌స్టాగ్రామ్‌లో కాలిగ్రఫీ వీడియోలూ గుర్తొస్తాయి గానీ, దాని అసలు పుట్టిల్లు కచేరీ.

ఇక్కడే నాకొక ప్రశ్న ఉంది. కలిపిరాత రాసేవాడికి టైమ్ మిగులుస్తుంది. ఆ మిగిలిన టైమ్ ఎక్కణ్ణుంచి వస్తోంది? చదివేవాడి దగ్గర్నుంచి. నేను రెండు నిమిషాల్లో గిలికింది మీరు పది నిమిషాలు కూడబలుక్కోవాలి. నేనూ మీరూ స్నేహితులమైతే దాన్ని చనువు అనొచ్చు. నేను కరణాన్నీ మీరు రైతూ అయితే ఏమనాలి?

కరణీకం వంశపారంపర్యంగా నడిచింది. కోస్తాలో ఎక్కువగా నియోగి కుటుంబాల్లో, తండ్రి తర్వాత కొడుకుగా. ఎవరి పొలం ఎంత, హద్దులేమిటి, శిస్తు ఎంత, ఏ పంట వేశారు, అన్నీ ఆయన రాసిన అడంగల్‌లో ఉండేవి. రైతుకి చదువు రాదు. వచ్చినా బడిలో నేర్చిన విడి అక్షరాలతో గొలుసుకట్టు పలకదు. తన పొలం గురించి తన భాషలోనే రాసిన కాగితాన్ని చదివించుకోవడానికి మళ్ళీ ఆ రాసినాయన దగ్గరికే వెళ్ళాలి. కరణాలతో జాగ్రత్తగా ఉండమని సుమతీ శతకంలో ప్రత్యేకంగా పద్యాలున్నాయంటే ఊరికే లేవు. తెలంగాణలో ఈ కథకి ఇంకో మడత ఉంది. నిజాం కాలపు సేత్వారు లాంటి రికార్డులు ఉర్దూలో ఉంటాయి. భాషా వేరే, లిపీ వేరే, దాని మీద గుమాస్తా గిలుకుడు. భూమి తగాదా వస్తే ఇప్పటికీ ఉర్దూ రాత చదవగలిగే ముసలివాళ్ళ కోసం వెతుక్కోవాల్సిందే.

ఇది మన దేశపు వింతేమీ కాదు. ఇంగ్లండు న్యాయస్థానాల్లో గుమాస్తాలకి 'కోర్ట్ హ్యాండ్' అని ఒక ప్రత్యేకమైన రాత ఉండేది, అదీ లాటిన్‌లో. మామూలు మనిషికి తన కేసు కాగితం తనకే అర్థమయ్యేది కాదు. 1733 నుంచి కోర్టు కాగితాలు ఇంగ్లీషులో ఉండాలని, అందరూ చదవగల మామూలు రాతలో ఉండాలని, కోర్ట్ హ్యాండ్ పనికిరాదని పార్లమెంటు చట్టం చేసింది. చేతిరాతని చట్టం పెట్టి మాన్పించారంటే అది దస్తూరీ అందానికి సంబంధించిన విషయం కాదని అప్పటికే ఎవరికో అర్థమైందన్నమాట. మన దగ్గర 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాలు, మునసబులు, పటేల్ పట్వారీల పదవుల్ని రద్దు చేసింది. రాసేవాళ్ళు వెళ్ళిపోయారు. రాసింది మాత్రం ఉండిపోయింది.

అలా ఉండిపోయిన కాగితాల్లో ఒకటి మా ఇంట్లో ఉంది. మా తాతయ్య, ఆయన తమ్ముడూ వేరుపడ్డప్పుడు ఊళ్ళోనే రాసుకున్న పారీకత్తు. రిజిస్టరు చేయించింది కాదు. నాలుగు మడతలు, మడతల దగ్గర చిరుగులు, ఇటికరంగుకి తిరిగిన సిరా. చివర అన్నదమ్ముల సంతకాలు, సాక్షులు, దస్తూరీ ఫలానా కరణంగారిదని. వాటి పక్కన ఒక వేలిముద్ర. అది తాతయ్య అక్కగారిది, అంటే నాన్నకి మేనత్త. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. ఆ పొలాలేవీ ఇప్పుడు మావి కావు, ఎప్పుడో అమ్ముడుపోయాయి. తగాదా ఏమీ లేదు. ఊరికే చదివించుకుందామని పక్క ఊళ్ళో ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. వాళ్ళ నాన్నగారు కరణీకం చేశారట. ఆయనకి గొలుసుకట్టు చిన్నప్పుడే అబ్బింది.

ఆయన చదువుతుంటే ముచ్చటేసింది. వేలితో కూడా పట్టుకోకుండా, పేపరు చదివినట్టే గడగడా చదువుకుంటూ పోయారు. నేను ఫోన్‌లో టైపు చేసుకుంటున్నాను. మేనత్తగారి సంగతి దగ్గరికి వచ్చేసరికి, ఆవిడ మనోవర్తి నిమిత్తం చెరువు కింద ఉత్తరపు పాలు ఇచ్చేట్టు ఒప్పుకున్నారని చదివారు. పాలు అంటే భాగం. మా నాన్న ఎప్పుడూ చెప్పే మాట అదే, తాతయ్య అక్కగారికి సమంగా పంచి ఇచ్చారని. నాన్న మొహం వెలిగిపోయింది.

కాగితం మీద ఆ మాట చూస్తే నాకు ఇంకోలా కనిపించింది. "ఇది 'వాలు' కాదాండీ?" అని అడిగాను. ప కీ వ కీ తేడా తలకట్టు దగ్గరే కదా. ప మీద అది విడిగా ఉంటుంది, వ కి అంటుకుని ఉంటుంది. అన్నీ అంటుకునే రాతలో ఆ తేడా ఎక్కడ నిలుస్తుంది? ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. 'పడమర'లో ప చూశారు, 'వెంకట'లో వ చూశారు.

"ఈయన రాతలో రెండూ ఒకటే బాబూ. మాటని బట్టి తెలుసుకోవాలి."

"ఇక్కడ రెండు మాటలూ కుదురుతున్నాయి కదండీ."

"కుదురుతున్నాయి" అన్నారాయన. కాసేపు ఆగి, "రాసినాయన్ని అడగాలి" అన్నారు.

ఉత్తరపు పాలు అయితే చెరువు కింద మాగాణిలో ఆవిడకో భాగం. ఉత్తరపు వాలు అయితే నీళ్ళు నిలవని చెక్క, వరి పండదు. ఆవిడ గురించి నాయనమ్మ ఒకటి రెండుసార్లు చెప్పింది నాకు గుర్తుంది. ఉలవలు అమ్ముకుని బతికిందని. ఉలవలు ఏ నేలలోనైనా వేసుకోవచ్చు, మాగాణి కౌలుకిచ్చి ఇంకెక్కడో ఉలవలు వేసుకుని ఉండొచ్చు. దాన్ని పట్టుకుని తేల్చలేం.

నన్ను పట్టుకున్నది ఇంకోటి. ఆ కాగితం చివర, అలాంటి కాగితాలన్నిటి చివరా ఉన్నట్టే, చదివి వినిపించగా విని సమ్మతించి వేసిన నిశానీ అని ఉంది. కంటికి ప, వ లు కలిసిపోవచ్చు గానీ చెవికి కలవవు. ఆవిడ విన్నది ఏదో ఒకటే. పాలు అని విని వేలు వేసిందా, వాలు అని విని వేసిందా? ఆవిడకి ఒకటి వినిపించి, తమ్ముళ్ళకి ఇంకోటి వినిపించి ఉంటే ఆ కాగితం ఇద్దరికీ సాక్ష్యం చెబుతుంది. కరణంగారు అలా చేశారని నేను అనడం లేదు. అలాంటి ఆలోచనే ఆయనకి వచ్చి ఉండకపోవచ్చు. ఆ రోజు రాయాల్సినవి ఇంకా నాలుగున్నాయేమో, పొద్దు వాలిపోతోందేమో. కానీ మోసం చెయ్యాలన్న ఉద్దేశం లేకుండానే మోసానికి చోటు ఉంచిన రాత అది. ఆ చోటు ఎప్పుడూ చదువు రానివాళ్ళ వైపే తెరుచుకుంటుంది.

ఆ రోజు నుంచి చేతిరాతని అలవాటుగానో కళగానో మాత్రమే చూడలేకపోతున్నాను. గాంధీ తన ఆత్మకథలో చేతిరాత బాగోకపోవడాన్ని చదువులో లోపంగానే లెక్కగట్టాడు. అది చదివినప్పుడు మరీ చాదస్తం అనిపించింది. ఇప్పుడు అందులో చాదస్తం ఉన్నా, ఒక న్యాయం కూడా కనిపిస్తోంది. మందులచీటీ సంగతే చూడండి. 2016లో భారత వైద్య మండలి తన నిబంధనల్ని సవరించి, డాక్టర్లు మందుల పేర్లు చదవగలిగేట్టు, వీలైతే పెద్దబడి అక్షరాల్లో రాయాలంది. 2025లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, చదవగలిగే మందులచీటీ రోగి ప్రాథమిక హక్కని చెప్పింది. వైద్యవిద్యలో చేతిరాత పాఠాలు పెట్టమని కూడా అంది. డాక్టరు రాత గురించి మనం జోకులేసుకుంటాం. ఆ జోకుని మందులషాపు కౌంటర్ దగ్గర నిలబడ్డ ముసలావిడ వైపు నుంచి చూస్తే నవ్వు రాదు.

అలాగని అందరూ అందరికీ అర్థమయ్యేట్టే రాయాలని వాదించను. నా డైరీ నాకే అర్థమైతే చాలు. హాస్టల్లో ఉన్నప్పుడు ఒక స్నేహితుడు రాసే ఉత్తరాలు ఇంకెవరికీ అందేవి కావు. అతని 'మ'కీ 'య'కీ తేడా నాకు మాత్రమే తెలుసని ఒక గర్వం ఉండేది. ఒక మనిషి రాత అలవాటు కావడం, గొంతు అలవాటు కావడం లాంటిదే. అక్కడ చదవడానికి పడే కష్టం కూడా ఇష్టంలో భాగం. చదవలేకపోతే అడుగుతాను, అతను చెబుతాడు. తేడా అంతా అక్కడే ఉందనిపిస్తుంది. అడగడానికి రాసినవాడు అందుబాటులో ఉన్నాడా? నువ్వు లేని చోట, నీ రాతని నమ్మి ఇంకొకరు ఒక పని చెయ్యాల్సి ఉందా, మందు మింగడమో, హద్దురాయి పాతడమో, వేలిముద్ర వెయ్యడమో? ఉంటే మాత్రం నీ కలానికి పరుగెత్తే హక్కు లేదు. ఆ తొందర ఖరీదు నువ్వు కట్టడం లేదు కాబట్టి.

ఈ గొడవంతా పాతది కదా, ఇప్పుడంతా టైపే కదా అనొచ్చు. నిజమే, కంప్యూటర్ అక్షరానికి వంకలేదు. ప అంటే ప, వ అంటే వ. కానీ పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కాలంటే మధ్యలో ఒక మనిషి వాటిని చదవాలి. చదివినాయన పాలు అనుకుంటే పాలు, వాలు అనుకుంటే వాలు. కీబోర్డులో ఆ రెంటికీ మధ్య మీట లేదు. టైపు చేసిన మరుక్షణం అనుమానం మాయమైపోతుంది. కరణంగారి గొలుసుకట్టు ఎంత మొండిదైనా, ఇక్కడేదో తేలలేదని చూపిస్తూనే ఉంది. శుభ్రంగా అచ్చయిన ప్రతి ఆ మాటే దాచేస్తుంది. చదవలేని రాత ఒక రకం అన్యాయమైతే, చదివేశామని నటించే అచ్చు ఇంకో రకం. రెండోదానితో పోట్లాడటం ఇంకా కష్టం, ఎందుకంటే అది చూడటానికి చాలా నిజాయితీగా ఉంటుంది.

అమెరికాలో 2010 నాటి కామన్ కోర్ ప్రమాణాల్లో కలిపిరాత లేదు. చాలా బళ్ళు మానేశాయి. తర్వాత ఒక్కో రాష్ట్రమూ మళ్ళీ తెచ్చుకుంటోంది. కాలిఫోర్నియాలో 2024 నుంచి ఒకటి నుంచి ఆరో తరగతి వరకు నేర్పాలని చట్టం వచ్చింది. తాతముత్తాతల ఉత్తరాలూ పాత పత్రాలూ పిల్లలు చదవలేకపోతున్నారన్నది అక్కడ చెప్పే కారణాల్లో ఒకటి. ఆ వాదనలో నాకు నచ్చింది ఒకటుంది. కలిపిరాతని రాయడం కోసం కాకుండా చదవడం కోసం నేర్చుకోవడం. మన బళ్ళలో జరిగేది దీనికి తిరగలి. మూడో తరగతి పిల్లాడు ఇంగ్లీషు అక్షరాలకి వంపులు తిప్పుతూ రెండేళ్ళు గడుపుతాడు, ఆ రాతలో ఉన్న పాత కాగితం ఒక్కటీ వాడి చేతికి రాదు. వాడి సొంత ఊరి కాగితాలున్న రాత పేరు కూడా వాడికి ఎవరూ చెప్పరు. గొలుసుకట్టు చదవగలిగినవాళ్ళు ఎక్కువగా ముసలివాళ్ళే. ఒకప్పుడు అది కొందరి చేతుల్లోనే ఉండటం అన్యాయం అనుకున్నాం. ఇప్పుడు ఎవరి చేతుల్లోనూ లేకుండా పోవడం దానికి పరిష్కారం కాదు. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉందని ఫిర్యాదు చేసినవాళ్ళం, అది చెరువులో పడిపోతుంటే చూస్తూ ఊరుకుంటున్నాం.

నేను ఆ పెద్దాయన దగ్గరికి నెలకోసారి వెళ్తున్నాను. చదవడం నేర్పమంటే ఆయన ముందు రాయమన్నారు. పాత కాగితం పక్కన పెట్టుకుని, ఆ గీత ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో అలాగే తిప్పాలి. మొదట్లో ఇది మళ్ళీ మూడో తరగతి అనిపించింది. కానీ చెయ్యి ఆ దారిన నాలుగుసార్లు వెళ్ళాక కంటికి దారి కనిపించడం మొదలవుతుంది. ఇక్కడ కలం బరువు తగ్గింది, ఇక్కడ సిరా అయిపోయి మళ్ళీ ముంచారు, ఇక్కడ తొందరపడ్డారు. నూలు ఉండలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడని తెలుస్తుంది. కరణంగారి మీద నాకు కోపం పూర్తిగా పోలేదు. కానీ ఆయన చేతిని నా చేత్తో అనుకరిస్తున్నప్పుడు ఆ కోపం కొంచెం జాగ్రత్తగా మాట్లాడటం నేర్చుకుంటోంది.

పారీకత్తు మొత్తం టైపు చేసి బాబాయిలకీ, అత్తయ్యలకీ, వాళ్ళ పిల్లలకీ పంపాను. ఆ మాట దగ్గర "పాలు" అని రాసి, పక్కన "'వాలు' కూడా కావచ్చు" అని పెట్టి, ఆ ఒక్క పంక్తి ఫోటో అతికించాను. "పెద్దాయన పాలు అనే చదివారు కదరా, అదొక్కటీ తీసెయ్" అన్నారు నాన్న. తియ్యలేదు. వేలిముద్ర వేసినావిడకి ఆ కాగితాన్ని తనంతట తాను చదువుకునే వీలు ఆ రోజు లేదు. ఆవిడ తరఫున ఇప్పుడు నేను చెయ్యగలిగిందల్లా, తేలని దాన్ని తేలినట్టు రాయకపోవడం.